బోను బయట దొరికిన ముద్దాయి

బస్సు డ్రైవరు కోర్టు మెట్లెక్కడం అదే మొదటిసారి. ముందు వరసలో పెళ్ళాం పక్కన యూనిఫాం చొక్కాతోనే కూర్చున్నాడు. అయ్యాక డ్యూటీకి పోవాలి.

ఎదురుగా బోనులో బావమరిది. ఇంట్లో అందరికీ బుడ్డోడే. పొట్టిగా, పుల్లలా ఉంటాడు, తలనిండా ఉంగరాల జుట్టు. గడియారాల షాపులో దూరి యజమాని తల పగలగొట్టాడని కేసు. ఆ పూట వాడు తమ ఇంట్లోనే జ్వరంతో మూలుగుతున్నాడని అక్కా బావా ఇద్దరూ ఇందాకే సాక్ష్యం చెప్పారు. "సొంతవాళ్ళు, అలాగే చెబుతారు" అని తీసిపారేశాడు సర్కారు ప్లీడరు. దెబ్బ తగిలిన మర్నాడు మందుల కోసం షాపున్న ఆ తెల్లవాళ్ళ వీధిలోంచి వెళ్తుంటే పట్టుకున్నారు వాణ్ణి. అక్కడ నల్లవాళ్ళెవరైనా కనబడితే చాలు, తలుపులు మూసుకుంటారు.

షాపు యజమాని తలకి కట్టుతో వచ్చాడు. దెబ్బ గట్టిదే. అతన్ని చూసి డ్రైవరుకి జాలేసింది కూడా.

"మిమ్మల్ని కొట్టినవాడు ఇక్కడుంటే చూపించండి" అన్నాడు సర్కారు ప్లీడరు.

యజమాని కళ్ళజోడు సర్దుకుని చెయ్యెత్తాడు. వేలు బోనుకేసి వెళ్ళలేదు. బెంచీల మీదుగా వచ్చి డ్రైవరు మీద ఆగింది.

"అడుగో! ఆ మొహం చచ్చినా మర్చిపోను."

ఇంకెవరినో అంటున్నాడనుకుని డ్రైవరు వెనక్కి తిరిగాడు. వెనక కూర్చున్న ఆవిడ గబుక్కున పక్కకి జరిగింది. డ్రైవరేమో నిలువెత్తు మనిషి. బట్టతల, బానపొట్ట, యాభై దాటిన వయసు. బుడ్డోడికీ అతనికీ కలిసింది ఒంటి రంగొక్కటే.

కోర్టు జవాన్లు అప్పుడే అతని వైపు కదిలారు. పెళ్ళాం మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

బుడ్డోడి తరఫు ప్లీడరమ్మ లేచింది. "అయ్యా, ఇంకేం కావాలి? సాక్షి ముద్దాయిని గుర్తే పట్టలేదు!"

హమ్మయ్య, ఇక బుడ్డోణ్ణి ఇంటికి తీసుకుపోవచ్చు అనుకున్నాడు డ్రైవరు.

జడ్జిగారు చిన్నగా నవ్వారు. "కంగారు పడకండి పెద్దాయనా. కాసిని మంచినీళ్ళు తాగండి. ముద్దాయి ఉండేది బోనులో. ఇప్పుడు చూసి చెప్పండి."

యజమాని నీళ్ళు తాగి వేలు బోనుకేసి తిప్పాడు. "ఆఁ... వాడే. వాడే కొట్టింది."

"చచ్చినా మర్చిపోనన్నది నా మొహం కదండీ!" డ్రైవరు లేచి నిలబడిపోయాడు.

"కూర్చో. ఇంకో మాటంటే బయటికి గెంటిస్తా."

ఆ రోజే తీర్పు చెప్పేశారు. ఏడేళ్ళు. బేడీలేసి తీసుకుపోతుంటే బుడ్డోడు ఏడవలేదు. చిన్నపిల్లాడిలా అడిగాడు: "బావా, నువ్వు చూశావుగా? అందరూ చూశారుగా?"

బయట వరండాలో యజమాని తనంతట తనే దగ్గరికొచ్చాడు. "ఏమీ అనుకోకయ్యా, పొరపాటైంది. మీవాళ్ళంతా ఒకేలా ఉంటారు కదా." గొంతులో వెటకారం లేదు. నిజంగానే నొచ్చుకుంటున్నాడు.

"మరి మావాణ్ణి ఎలా పోల్చారండీ?"

"పోల్చడానికేముంది? ఊరికే బోనులో నిలబెడతారా ఎవరినైనా?"

పక్కనే ఉన్న ప్లీడరమ్మ ఆ మాట విని పై కోర్టుకెళ్ళింది. నేనలా అననే లేదన్నాడు యజమాని. సాక్షి తన పొరపాటు తానే దిద్దుకున్నాడు కదా అని అప్పీలు కొట్టేశారు.

ఆ కబురు తెలిసిన రోజు డ్రైవరు పెళ్ళాం వంటింటి గడపలో కూలబడింది.

"వాళ్ళు నీ మీదికొస్తుంటే నా ప్రాణం పోయింది. ఆ వేలు తమ్ముడి మీదికి తిరగగానే ఊపిరి పీల్చుకున్నానయ్యా. నా తోడబుట్టినవాడు! నేనేం మనిషిని?"

అతను పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నేనూ పీల్చుకున్నానే," అన్నాడు.