బండి కదలని పావుగంట

పావు తక్కువ పదికి పరీక్ష గేటు మూస్తారు. చిన్నకోడూరు నుంచి సిద్దిపేట కాలేజీకి అరగంట దారి. ఇప్పుడు తొమ్మిది. అంటే చేతిలో ఉన్నది పావుగంట. ఆ లెక్క వేసుకునే పర్శరాములు కారు తాళంచెవి తిప్పాడు. ముందున్న లైట్లన్నీ వెలిగాయి. ఇంజన్ మాత్రం కిక్కురుమనలేదు.

నిన్ననే కొన్న పాత కారు. ఇంటిదాకా పేచీ లేకుండా వచ్చింది.

వెనక సీట్లో కూతురు పూజ హాల్‌టికెట్ నలిపేస్తోంది. "బాపూ, నిమిషం లేటైనా లోపలికి రానియ్యరు! రెండేండ్ల సంది చదివిన!"

పక్కింటి ట్రాక్టరు డ్రైవర్ వెంకటేశ్ నోట్లో వేపపుల్లతోనే వచ్చాడు. "బ్యాటరీ పోయింది మామా. గంతే."

పర్శరాములు హారన్ నొక్కాడు. గోడ మీది కోళ్లు ఎగిరి దూకాయి. "బ్యాటరీ పోతే గింత మోత ఎట్ల వస్తదిరా?"

"అయితే పెట్రోల్ అయిపోయింది."

"పెట్రోల్ లేకుంటే ఇంజన్ జర తిరిగన్న ఆగుతది. గిది తిరుగుతనే లేదు."

"నూకుదామా మరి?"

"యాడికి నూకుతవ్? ముంగట గోడ, ఎనక ఎత్తు!"

ఆటోకు ఫోన్ చేస్తే రావడానికే ఇరవై నిమిషాలన్నాడు. బైకు పొద్దున్నే తమ్ముడితో చేర్యాల పోయింది. తొమ్మిదీ పది.

"దిష్టి!" అంది భార్య రామవ్వ గడపలోంచి. "నిన్న వాడంతా సూసిండ్రు. గందుకే టైర్ల కిందియి గాక ఇంకో నిమ్మకాయ లోపట అద్దం ముంగట పెట్టిన."

అద్దం ముందు నిమ్మకాయ లేదు.

పర్శరాములు ఇరవై ఐదేళ్లుగా ఉల్లిగడ్డలు కొని అమ్ముతున్నాడు. ఏ సంచి అయినా పైన అంతా మంచి సరుకే. అడుగుకు చెయ్యి పోనిస్తేనే అసలు సంగతి తెలిసేది. ఇక్కడా ఇంతసేపు అందరూ పైపైనే చూస్తున్నారు. క్లచ్ అడుగుదాకా తొక్కితేనే ఈ బండి స్టార్టవుతుందని అమ్మినవాడు నిన్న చెప్పాడు. తొక్కాడు, బిగుతుగా తగిలింది. కానీ నిన్న ఇంత బిగుతు లేదే!

కాళ్ల దగ్గరికి వంగి, క్లచ్ కిందికి చెయ్యి పోనిచ్చాడు. వేళ్లకు చల్లగా, గుండ్రంగా తగిలింది.

నిమ్మకాయ.

దాన్ని తీసి జేబులో వేసుకుని తొక్కితే, క్లచ్ ఈసారి నేల దాకా దిగింది. తాళంచెవి తిప్పగానే ఇంజన్ గర్జించింది. వెంకటేశ్ నోట్లోని పుల్ల కింద పడింది.

"సూసినవా! దిష్టంత గదే గుంజుకున్నది!" రామవ్వ కేక వేసింది.

"నీ నిమ్మకాయే గుంజింది నా పానం!" అంటూ పర్శరాములు బండి వెనక్కి లాగాడు. తొమ్మిదీ పన్నెండు.

దారిలో గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చి రెండు నిమిషాలు మింగింది. గేటు దగ్గర పూజ తలుపు కూడా వెయ్యకుండా ఉరికింది. ఆమె చున్నీ అంచు లోపలికి పోవడం, గేటు ధడేల్‌మని మూసుకోవడం వెంటవెంటనే జరిగాయి. పర్శరాములు స్టీరింగు మీద చేతులు కొట్టి గట్టిగా నవ్వాడు.

ఫోన్ మోగింది. రామవ్వే. "చేరిందా పిల్ల?"

"చేరింది."

"నిమ్మకాయ పారెయ్యలే గదా?"

వాదన పెట్టుకుంటే వచ్చే లాభం లేదు. జేబులోంచి నిమ్మకాయ తీసి, డాష్‌బోర్డు అరలో పెట్టి, మూత నొక్కి, రెండుసార్లు లాగి చూశాడు. మూత తెరుచుకోలేదు.

"ఉన్నది," అన్నాడు. "మంచి జాగలనే ఉన్నది."