పై మూల, కుడివైపు

కంప్యూటర్లో దుర్గకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. విండోను పట్టుకుని తెర అంచుకు లాగితే అది బుద్ధిగా వెళ్ళి సగం తెరకు అతుక్కుంటుంది. మూలకు లాగితే పావు తెరలో సర్దుకుంటుంది. అల్లూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న రొయ్యల గుంటల మీద పగటి డ్యూటీ ఆమెది. నాలుగు గుంటలు, నాలుగు విండోలు. వంటింట్లో డబ్బాలు సర్దుకున్నట్టు పొద్దున్నే వాటిని నాలుగు మూలలకూ సర్దుకుంటే గానీ ఆమెకు టీ కూడా సహించదు.

రాత్రి డ్యూటీ చేసే పెంచలకృష్ణకు ఈ మూలల వ్యవహారం బొత్తిగా గిట్టదు. కోవూరు నుంచి వచ్చిన రైతుబిడ్డ, ఒక కయ్య దున్నడం అయ్యాకే ఇంకో కయ్యలో దిగే రకం. ఒక్క విండోనే తెర నిండా పెద్దది చేసుకుని, దాని సంగతి చూశాక దాన్ని మూసి ఇంకోటి తెరుస్తాడు.

"నేను దాన్ని రవ్వంత పక్కకు జరపబోతే, అది పోయి అంచును కరుచుకుంటాదమ్మా. పైగా, ఖాళీగా ఉండే ఈ పక్కన ఎవర్ని కూచోబెట్టమంటావని నన్నే అడగతాది. నా చేతిలో పనికి దాని పెత్తనం ఏంది?" అని విసుక్కునేవాడు.

"ఒక్కోటి తెరిచి చూసేలోపల రొయ్యలు తేలిపోతాయి కృష్ణన్నా. నాలుగూ ఒక్క చూపులో కనబడాల," అనేది దుర్గ.

రోజూ డ్యూటీ మారేటప్పుడు ఇదే గొడవ. అతను తెర నిండా ఒకటే పరిచి పోతాడు, ఆమె సణుగుతూ మళ్ళీ నాలుగూ సర్దుతుంది. ఇద్దరికీ అది సరదాగానే ఉండేది.

ఒక్కో విండోలో ఒక్కో గుంట సంగతి కనిపిస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో పెద్ద అంకె, దాని కింద ఏరేటర్లను నడిపే బటన్లు. ఏరేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే కరెంటు చక్రాలు. ఆక్సిజన్ నాలుగు కంటే కిందికి దిగిందంటే ఎవరూ చెప్పకుండానే అవి తిరగడం మొదలుపెడతాయి. ఎండ కాసే పగటిపూట వాటికి పెద్దగా పనుండదు. చూడ్డానికి ఆగిపోయినట్టే ఉంటాయి గానీ ఏ క్షణాన తిరుగుతాయో తెలీదు. అందుకని ఎవరైనా గుంటలో దిగేముందు ఆ గుంట విండోలో తాళం బొమ్మ నొక్కాలి. తాళం పడితే, మళ్ళీ తీసేదాకా చక్రం కదలదు. కట్ట మీది పాత స్విచ్చి పెట్టెలు ఉప్పుగాలికి తుప్పుపట్టాయని ఓనరు తీయించేశాక, నీళ్ళలో దిగే మనిషికి ఆ తాళం బొమ్మే దిక్కు.

గుంటలకు నంబర్లున్నాయి. కంప్యూటర్ బిగించినవాళ్ళు గుంటలు తవ్విన వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెట్టి పోయారు. పెంచలకృష్ణ ఒక్కడే ఆ నంబర్లతో మాట్లాడతాడు. దుర్గదీ ఆమె మొగుడు సుబ్బుదీ చేపల వేటకు పోయే ఇళ్ళు. వాళ్ళు ఏ చోటైనా సముద్రాన్ని బట్టి చెప్పుకుంటారు. సముద్రం వైపు ఉత్తరం గుంట, కాలవ వైపు దక్షిణం గుంట, ఇలాగ. కంప్యూటర్ ఉన్న షెడ్డులో దుర్గ ఉత్తరానికి మొహం పెట్టి కూర్చుంటుంది, సముద్రం ఆమెకు కుడిచేతి వైపు. అందుకే తెర మీద కూడా సముద్రం వైపు గుంటలను కుడిపక్కన పెట్టుకుంది, ఉత్తరం గుంటలను పైన పెట్టుకుంది. నేల మీద ఏది ఎక్కడుందో తెర మీదా అక్కడే. విండో నెత్తిన రాసి ఉన్న నంబరును ఆమె ఏనాడూ చదవలేదు. చదవాల్సిన అవసరమూ రాలేదు, తెరుచుకునే వరసను బట్టే ఏది ఏ మూలకో చేతికి అలవాటు.

ఆ రోజు ఆమె వచ్చేసరికి పెంచలకృష్ణ వెళ్ళిపోయాడు. నాలుగు విండోలూ నాలుగు మూలలకు ముచ్చటగా సర్ది ఉన్నాయి. ఇన్నాళ్ళకు అన్నకు బుద్ధొచ్చిందనుకుని నవ్వుకుంది.

మధ్యాహ్నం క్యారియరు విప్పబోతుండగా సుబ్బు ఫోన్ చేశాడు. అతనూ అక్కడే పని, గుంటల్లో మేత వేస్తాడు.

"సముద్రం వైపు ఉత్తరం గుంటలో చక్రానికి, కొంగలు వాలకుండా పైన కట్టిన వల చుట్టుకోనుండాది. గాలికి తెగి పడినట్టుంది. దిగి పీకేస్తా, తాళం వెయ్యి."

పై మూల, కుడివైపు. దుర్గ చెయ్యి తనంతట తానే అక్కడికి పోయింది. నొక్కింది. తాళం ఎర్రగా పడింది.

"ఏసినా."

"ఏసినావు గదా?"

"ఏసినానయ్యా. దిగు."

అతను ఫోన్ పెట్టేశాడు. చొక్కా విప్పి, ఫోన్ జేబులో పెట్టి, కట్ట మీద పడేసి దిగడం అతని అలవాటు. దుర్గ అన్నంలో పులుసు కలుపుకుంది. బయట ఎండ పోయింది. ఈశాన్యం నుంచి మబ్బు కమ్ముకొస్తోంది, ముసురు పట్టేలా ఉంది.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి పెంచలకృష్ణ.

"చూసినావా అమ్మా? నీ కోసరమే మూలలకు సర్దిపెట్టినా. అది ఎవర్ని కూచోబెట్టమంటావని అడిగింది గదా, నేనూ తగ్గలా. ఒకటీ రెండూ పైన, మూడూ నాలుగూ కింద, చక్కంగా వరసన పెట్టినా."

దుర్గ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"వరసనా?"

"మరి? ఒకటి తర్వాత రెండే గదా."

కుడివైపు పై మూల విండో నెత్తిన ఏం రాసి ఉందో ఆమె మొట్టమొదటిసారి చదివింది. గుంట 2.

"కృష్ణన్నా, సముద్రం వైపు ఉత్తరం గుంట ఎన్నో నంబరు?"

"నాలుగు. ఆఖరున తవ్వింది అదే. ఎందుకమ్మా?"

దుర్గ తెరంతా వెతికింది. నాలుగో గుంట కింది మూలలో ఉంది. దానికి తాళం లేదు. బటన్ పచ్చగా, ఆటో అని చూపిస్తోంది. ఆక్సిజన్ నాలుగు పాయింటు రెండు. చూస్తుండగానే నాలుగు పాయింటు ఒకటి అయింది. మబ్బు పడితే అంతే, గబగబా దిగుతుంది. అక్కడ సుబ్బు ఆ చక్రం రెక్కల మధ్య రెండు చేతులూ పెట్టి వల పీకుతుంటాడు. ఎందుకంటే ఆమె దిగమంది.

పరిగెత్తి చెబుదామంటే ఆ గుంట ఆ చివర ఉంది. ఎదురుగాలికి అరుపు వినబడదు. అతని ఫోన్ కట్ట మీద ఉంది. మెయిన్ స్విచ్చి లాగేస్తే? కరెంటు పోతే రొయ్యలు చావకుండా జనరేటర్ దానంతటదే లేస్తుంది, లేచి చక్రాలన్నిటినీ ఒకేసారి తిప్పుతుంది. చక్రాలకు కరెంటు పంచే ప్యానెల్ గదికి తాళం, చెవి ఎలక్ట్రీషియన్ దగ్గర. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా తట్టింది. ఏ దారీ లేదు, ఈ తెర తప్ప.

ఎంగిలి చేత్తోనే మౌస్ పట్టుకుంది. చెయ్యి అలవాటు కొద్దీ మళ్ళీ పై మూలకే పోయింది. అక్కడున్న విండోను పట్టుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి, వాటితో పాటు విండో కూడా అటూ ఇటూ ఊగింది. అలా ఊపితే మిగతావన్నీ కిందికి దిగి మాయమవుతాయని ఆమెకు తెలుసు. తీరిక వేళల్లో ఆ వింత చూసి మురిసిపోయేది కూడా. తక్కిన మూడూ మాయమయ్యాయి. నాలుగో గుంట కనిపించకుండా పోయింది.

"దేవుడా," అంది. వదిలేసిన విండో పోయి అంచుకు అతుక్కుంది. ఖాళీగా ఉన్న సగంలో మూడు చిన్న బొమ్మలు లేచాయి, ఇక్కడ ఎవరిని పెట్టమంటావని అడుగుతున్నట్టు. మూడూ ఒకేలా ఉన్నాయి. ఒకదాన్ని నొక్కింది. గుంట 1 వచ్చింది. ఇన్నాళ్ళూ తను ముద్దు చేసిన ఆ పనితనం మీద ఆమెకు ఏడుపూ అసహ్యమూ ఒక్కసారే వచ్చాయి.

"ఏమైందమ్మా? మాట్లాడు," అంటున్నాడు పెంచలకృష్ణ ఫోన్లో.

"సుబ్బు నాలుగులో దిగుండాడు. నేను రెండుకు తాళం ఏసినా. నాలుగు కనబళ్ళా అన్నా, నాకు కనబళ్ళా."

అతను నెమ్మదిగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తెర అడుగున పట్టీ చూడు. నాలుగు అని ఉండేదాన్ని నొక్కు. దాని నెత్తిన రెండుసార్లు నొక్కితే తెర నిండా వస్తాది. చదువు. చదివినాకనే తాళం నొక్కు."

నొక్కింది. విండో లేచింది. నెత్తిన రెండుసార్లు కొట్టింది. తెర నిండా ఒకటే గుంట పరుచుకుంది, పక్కన ఏదీ లేకుండా. గుంట 4. పెదాలు కదుపుతూ చదివింది. ఆక్సిజన్ మూడు పాయింటు తొమ్మిది. పచ్చ బటన్ మీద ఆటో అన్న మాట పోయి, నడుస్తోంది అన్న మాట వచ్చి ఉంది.

తాళం నొక్కింది. ఎర్రగా పడింది. నడుస్తోంది పోయి, ఆగింది అని వచ్చింది. చక్రం ఎంతసేపు తిరిగిందో ఎక్కడా రాసి లేదు.

దుర్గ ఫోన్ బల్ల మీదే వదిలేసి పరిగెత్తింది. చినుకులు మొదలయ్యాయి. కట్ట మీద జారి పడి, లేచి, మళ్ళీ పరిగెత్తింది. దూరం నుంచే కట్ట మీద సుబ్బు చొక్కా కనిపించింది. అందులో ఫోన్ మోగుతోంది, పెంచలకృష్ణే అయివుంటాడు. నీళ్ళ మీద మనిషి కనిపించలేదు. ఆమె కట్ట దిగి నీళ్ళ అంచుకు పోయింది.

చక్రం అవతల నుంచి సుబ్బు తల పైకెత్తాడు. రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏందే ఇది," అన్నాడు చిన్నగా. చక్రం ఇరుసు వైపు చూపించాడు. అతని తుండుగుడ్డ ఇరుసుకు మోకులా మెలితిరిగి బిగుసుకుని ఉంది. "అప్పుడే చెయ్యి తీసి భుజం మింద గుడ్డతో మొహం తుడుచుకుంటా ఉన్నా. చేతిలో గుడ్డ లాక్కునింది." కుడిచెయ్యి నీళ్ళలోంచి పైకి తీసి, అది ఇంకెవరిదో అయినట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నువ్వు ఏసినానంటేనే గదా దిగినాను."

పెంచలకృష్ణ వరస గురించీ, మూలల గురించీ, నంబర్ల గురించీ చెప్పాలనుకుంది. మానుకుంది. బురదలోనే కూలబడింది.

"తప్పు నాదేనయ్యా. నేను చదవలా."

సుబ్బు ఆ చక్రాన్నే చూశాడు. రెక్కలకు వల ఇంకా కొంచెం వేలాడుతోంది. పని సగంలో వదిలిపెట్టే మనిషి కాదు. చెయ్యి మళ్ళీ అటు చాపబోయి, ఆగి, ఆమె వైపు చూశాడు.

"ఇంకొంచెమే ఉండాది, లాగేసి వస్తా. ఇప్పుడు పడిండాది గదా తాళం?"

పడింది. తెర నిండా గుంట 4, ఎర్రటి తాళం, కింద ఆగింది అన్న మాట. కళ్ళారా చదివి మరీ వచ్చింది. అయినా అవునని చెప్పడానికి దుర్గకు నోరు రాలేదు.

"నాకు తెలవదయ్యా," అంది. "బయటికి రా."