రెండు పసుపు చందమామలు

రాయ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో పిల్లలు వేసిన బొమ్మలు వరసగా తగిలించారు. పదో తరగతి చదివే తన కూతురు లహరి బొమ్మ దగ్గర భాగ్యశ్రీ టీచర్ ఆగిపోయింది.

ఆకాశంలో నది. దాని మీద రెక్కల రైలు. ఇంజను పైన ఒక ఖాళీ కుర్చీ. ముందు దారి పక్కన, ఒకదాని కింద ఒకటిగా, రెండు పసుపు చందమామలు.

ఇంజను డ్రైవరుగా చేసిన భర్త వీరేంద్ర పోయి ఎనిమిది నెలలు. బళ్లో పద్యాలకు అర్థాలు చెప్పే బుద్ధి ఇక్కడా ఊరుకోలేదు. కుర్చీ ఆయనది. చందమామలు తల్లీకూతుళ్లు, ఎవరికి వారే. ఇంట్లో నవ్వుతూ తిరిగే పిల్ల లోపల ఇంత దుఃఖం దాచుకుందా? నలుగురూ చూసి జాలిపడేలోపు బొమ్మ ఇంటికి పట్టుకుపోదామని ఫ్రేము మీద చెయ్యి వేసింది.

"డబుల్ ఎల్లో!" వెనక నుంచి కేక.

రిటైరైన డ్రైవరు జోగయ్య చందమామల వైపు చెయ్యెత్తి నిలబడ్డాడు. ఒకప్పటి ఆయన అసిస్టెంటు పరదేశి కూడా చెయ్యెత్తి "డబుల్ ఎల్లో!" అన్నాడు. సిగ్నల్ కనబడితే ఇంజనులో ఇద్దరూ అలా పైకి చెప్పుకోవాలి. ముప్పయ్యేళ్ల అలవాటు.

"అవి చందమామలండీ," అంది భాగ్యశ్రీ.

"మీకు సందమామలే టీచరమ్మా, మాకు సిగ్నలే. రెడ్డు కాదుగా, ఆగక్కర్లేదు. స్పీడు తగ్గించుకుని ఎల్లిపోడమే."

"మరి కుర్చీ ఖాళీగా ఉందే?"

"డ్రైవరు చాయ్‌కి దిగుంటాడు," అన్నాడు పరదేశి.

"నడిచే బండిలోంచా? అరే యార్, అందుకే నీకు ప్రమోషన్ లేటయింది!"

భాగ్యశ్రీకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని లహరి పరుగున వచ్చింది. ఇక ఊహించడం మాని తల్లి అడిగేసింది.

"ఆ కుర్చీ నాన్నదా?"

"నాన్న ఎప్పుడు కుదురుగా కూర్చున్నాడమ్మా? అది నీది. ఎనిమిది నెలలుగా నువ్వు రైలే ఎక్కట్లేదు. బొమ్మలోనైనా ఎక్కిద్దామని."

"రెండు చందమామలెందుకు?"

"పసుపు రంగు మిగిలిపోయింది."

జోగయ్య మొహం చిన్నబోయింది. భాగ్యశ్రీ ఫ్రేము మీది చెయ్యి తీసేసింది.

"ఆదివారం ఆరంగ్ పోయి మహానది చూసొద్దాం," అంది.

"బస్సులోనా?"

"రైల్లోనే."