బాల్కనీ గదిలో అత్తగారి వాటా

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఓడెక్కకముందే తుఫానొచ్చిన ఇంటి సంగతి చెప్తాను.

కుట్టుమిషన్ కోడలని ఒకావిడ ఉండేది. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇంటి వెనక గదిలోనే ఆమె కుట్టుపని. ఆ గదికి కిటికీ లేదు. ట్యూబులైటు వేస్తే తెల్లారినట్టు, ఆర్పితే పొద్దుగూకినట్టు. దారం రంగు గుడ్డకి కలిసిందో లేదో చూడాలంటే రెండూ పట్టుకుని వీధిలోకి పరిగెత్తేది.

ఇంటిల్లిపాదీ మొదటిసారి ఓడలో షికారు వెళ్దామనుకున్నారు. కోడలు, ఆమె మొగుడు, అత్తగారు, ఆడపడుచు దంపతులు, అందరూ కలిసి టికెట్ల ఆఫీసుకి వెళ్ళారు. ఆడపడుచుని చిలక అనేవాళ్ళు. పలుకు పంచదారే, ముక్కు మాత్రం ఎప్పుడూ పండున్న వైపే.

టికెట్లమ్మాయి తెరమీద రెండు గదులు చూపించింది. ఒకటి పై అంతస్తులో. బాల్కనీ, మెత్తటి సోఫా, గోడంత అద్దం తలుపు. మంచం దిగకుండానే సముద్రం. ఇంకోటి ఓడ కడుపులో. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ తగిలించారు.

"ఇవి రెండే మిగిలాయండీ," అంది.

కోడలి ప్రాణం ఆ అద్దం తలుపుకి అతుక్కుపోయింది. ఒక్క పొద్దు, లైటు వేయకుండా తన కళ్ళముందు తెల్లారాలి. అంతే ఆమె కోరిక.

"నాకు లోపలి గదిలో ఊపిరాడదమ్మా," చిలక అప్పుడే అందుకుంది. "వదినకైతే అలవాటే కదా!"

కోడలికి వేలి గోటిలో సూది దిగినట్టయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పోయిన మామగారు పచారీ కొట్టు నడిపిన మనిషి. ఏది పంచుకున్నా వాటాలు వేసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలని ఆయన కట్టడి. వాటాలు వేసేది ఎప్పుడూ కోడలే, కాబట్టి మిగిలింది తీసుకునేదీ కోడలే.

"వాటాలు వెయ్యి వదినా, నేను ఏరుకుంటాను."

"అలాగే. బాల్కనీ గది, దాంతోపాటు అత్తయ్య. ఆ సోఫా పరిస్తే మంచమవుతుందిట. అదొక వాటా. లోపలి గది, మొగుడూ పెళ్ళాం ఇద్దరే. అదింకో వాటా. ఏరుకో."

అమ్మ గురకకి గోడమీద క్యాలెండరు ఊగుతుందని పదిమందినీ నవ్వించేది చిలకే. అమ్మంటే ప్రాణమని చెప్పుకునేదీ చిలకే.

"అమ్మకి పైన గాలి పడదేమో..."

"నాకు గాలి పడకపోవడమేమిటే?" అంది అత్తగారు.

"అది కాదమ్మా, మీ అల్లుడితో ఒకే గదిలో నీకు మొహమాటం. మేం లోపలే సర్దుకుంటాంలే."

"ఊపిరాడదన్నావు?" అంది కోడలు.

"ఆడుతుందిలే!" చిలక కసిరింది.

ఇల్లు చేరారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అత్తగారు కోడలితో అంది: "మీ మామగారి తక్కెడ ఎన్నేళ్ళో చూశాను. మనిషిని తూకంరాయి చేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

ఓడెక్కారు. తొలి తెల్లవారుజామున కోడలు ఆశగా కళ్ళు తెరిచింది. గదంతా చీకటి. అద్దం తలుపు మీద తెర రెండు రెక్కలూ దగ్గరికి లాగి, పైనుంచి కిందిదాకా పిన్నులు పెట్టేసి ఉన్నాయి. కోడలి కుట్టు సంచిలోని పిన్నులే.

"వెలుతురు నా కంటికి పడదు," అంది అత్తగారు సోఫా మీంచి. "నేను ఈ గదికి బరువుని కదా. బరువు బరువులాగే ఉంటుంది."

రోజూ అదే వరస. కొడుకు మధ్యలో ఏదో అనబోతే, "నువ్వూరుకో!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరింది అక్కడొక్కచోటే.

ఆఖరి తెల్లవారుజామున కోడలే మాట కదిపింది. "కిటికీ కోసం చేశానత్తయ్యా. తప్పే."

"నోరు తెరిచి అడిగితే నేనే ఇప్పించేదాన్ని కదే."

"ఆ వెనక గదికి కిటికీ పెట్టించమని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది. పెట్టించారా?"

అత్తగారు లేచి, తెర మధ్యలో పిన్ను ఒక్కటి లాగేసింది. జానెడు వెలుతురు వచ్చి కోడలి దుప్పటిమీద పడింది. కోడలు అందులో అరచెయ్యి పెట్టి తిప్పి చూసుకుంది.

"మిగతావీ తియ్యనా?" అంది మెల్లగా.

"ముట్టుకున్నావంటే చూడు," అని అత్తగారు అటు తిరిగి పడుకుంది.

ఇది గుర్తుంచుకో తల్లీ. రేపు నీవాళ్ళకి చెప్పేటప్పుడు తప్పెవరిదో నువ్వు తేల్చకు, వినేవాళ్ళే కొట్టుకుంటారు. ఆ ఒక్క పిన్ను సంగతి మాత్రం ఎగ్గొట్టకుండా చెప్పు.