అమ్మ కొలతకు చేసిన విల్లు

టిక్‌మని చిన్న చప్పుడు. చెక్క లోపల ఎవరో గోటితో మీటినట్టు.

"అనూ, వదలకు! మెల్లగ దించు."

అనూహ్య బాణం వదలకుండా నారిని నెమ్మదిగా ముందుకు పోనిచ్చింది. విల్లు దించి తండ్రి వైపు విసుగ్గా తిరిగింది.

"మళ్ల ఏమైంది డాడీ?"

"సప్పుడు ఇనపడలేదా?"

"నీకే ఇనపడుతది. రోజూ ఇనపడుతది."

ఇంద్రేశంలో వాళ్లింటి వెనక ఇంకా ఇల్లు లేవని ప్లాటు అది. నాలుగు హద్దురాళ్లు, నిండా గడ్డి. అవతలి చివర, ముత్తంగి గోదాముల్లో పారేసే ప్లాస్టిక్ కవర్లు కుక్కిన గోనె సంచులు గురికి నిలబెట్టి ఉన్నాయి. ఒకప్పుడు ఆ చెలక రాజవ్వదే. అమ్ముకున్నాక కూడా ఆమె బర్రె అక్కడే మేస్తుంది.

"సారూ, నీ బిడ్డ బాణం గా సంచికి తగులుతలేదు గని, నా బర్రెకు తగలనియ్యకు" అంది రాజవ్వ గట్టు మీద నుంచి. "పొద్దుగాల చాయకు పాలు బంద్ అయితయ్ మల్ల."

అనూహ్య నవ్వింది. చంద్రకాంత్‌కు నవ్వు రాలేదు.

అతను జిగురు తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్టు. వెదురు పట్టీల మధ్య పలుచని చెక్క పెట్టి, చివరలు ముందుకు వంచి, ఆ విల్లును తన చేతులతోనే అతికించాడు. కొలత భార్య ప్రేమలతది. ఆమె పొట్టి మనిషి. నారిని పెదవి చివరిదాకా లాగితే విల్లు వెన్నలా వచ్చేది. లాగే కొద్దీ చివర్ల వంపు కొంచెం కొంచెంగా విప్పుకుంటుంది. అది పూర్తిగా విప్పుకున్నాక ఇవ్వడానికి విల్లు దగ్గర ఇంకేమీ మిగలదు. ఆ తర్వాత వేలెడు దూరం లాగినా బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడి నుంచి మనిషి లాగేది వంపును కాదు, చెక్కనే.

అనూహ్య తల్లి కంటే జానెడు పొడుగు. చేతులు ఇంకా పొడుగు. ఆమె పెదవి దాకా లాగితే నారి తల్లి కొలతను నాలుగు వేళ్లు దాటిపోతుంది. టిక్‌మనేది ఆ నాలుగు వేళ్ల దగ్గరే. ఏదో ఒకరోజు విల్లు విరిగితే, ముక్క వచ్చి తగిలేది ఆమె మొహానికే.

తల్లి లాగినంతే లాగుదామంటే బాణం సంచి దాకా పోదు. దానికి కారణం ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఏటా ఆయుధపూజ నాడు ప్రేమలత విల్లుకు నారి ఎక్కించి, పసుపు కుంకుమ అద్ది పీట మీద పెట్టేది. దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని వచ్చి మొదటి బాణం వేసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కిందటికి ముందటేడు ఆ పీట ముందు నుంచి లేస్తూనే గుండె పట్టుకుని కూలబడింది, మళ్లీ లేవలేదు. ఆ ఇంటికి ఆ ఏడు దసరా రాలేదు. వాడనప్పుడు విల్లుకు నారి దించాలని చంద్రకాంత్‌కు తెలుసు, అనూహ్యకూ తెలుసు. కాని అది ప్రేమలత చేత్తో ఎక్కించిన నారి. తండ్రీ కూతుళ్లలో ఎవరి చెయ్యీ దాని మీదికి పోలేదు. ఏడాదికి పైగా గోడ మీద వంగే ఉండి ఉండి విల్లు బలం చచ్చిపోయింది. బలం చచ్చిన విల్లుతో దూరం కొట్టాలంటే ఇంకా లాగాలి. ఈ పిల్ల లాగుతోంది.

"ఆదివారం సంగారెడ్డిల పోటీ. పేరిచ్చిన" అంది అనూహ్య. "అమ్మ విల్లుతోనే కొడత."

"వేరేది తెచ్చుకుందాం బిడ్డా. నీ చేతులకు సరిపోయేది."

"వేరేదైతే నేనెందుకు పోవాలె?"

చంద్రకాంత్ లోపలికి వెళ్లి నల్ల టేపు తెచ్చాడు. ప్రతి బాణానికీ ప్రేమలత కొలత దగ్గర ఒక చుట్టు చుట్టాడు. "ఈ గుర్తు విల్లు దాటి లోపలికి రావద్దు. వచ్చిందంటే బంద్."

"సరే" అందామె, వెంటనే. అంత తొందరగా ఒప్పుకోవడమే అతన్ని ఆలోచనలో పడేయాల్సింది. పడలేదు.

ఆ తర్వాత చప్పుడు మళ్లీ వినిపించలేదు. డ్యూటీ నుంచి వచ్చి వెనక గుమ్మంలో నిలబడితే, నల్ల గుర్తు విల్లుకు అవతలే ఆగేది. బాణాలు సంచి కిందా పక్కనా పడుతున్నా ఆమె మాత్రం ఆపేది కాదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల వాసన కూడా ఇటు రాలేదు, గాలి పొలాల వైపు నుంచి వీచింది. ఈమాత్రం చాలనుకున్నాడు చంద్రకాంత్. విరిగే ముందు చెప్పే కట్టె తన చేతికి దొరకడమే పుణ్యమనుకున్నాడు.

శనివారం పొద్దున పాలగిన్నె కోసం వెనక్కి వెళ్తే, మెట్ల మీద రాజవ్వ కూర్చుని అనూహ్యకు జడ వేస్తోంది.

"ఏందవ్వా, కొత్త పని పెట్టుకున్నవ్?"

"కొత్తదేంది సారూ, నాలుగొద్దుల సంది నేనే ఏస్తున్న. పిల్లకు చెయ్యి లేస్తలేదంట గదా, నీకు ఎరికలేదా?"

"అవ్వా!" అంది అనూహ్య.

"అవ్వా లేదు గివ్వా లేదు. కన్న తండ్రికి చెప్తే తప్పేంది?" రాజవ్వ రబ్బరు బ్యాండు బిగించి, ఇద్దరి మొహాలూ చూసి, బర్రె అరవకపోయినా అరిచినట్టు లేచి పోయింది.

"చెయ్యి లేపు" అన్నాడు చంద్రకాంత్.

కుడిచెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. ఆమె పళ్లు బిగబట్టింది.

"విల్లు పట్టినట్టు నిలబడు."

నిలబడింది. అప్పుడు చూశాడతను. ఇన్నాళ్లూ అతని కళ్లు టేపు మీదే ఉన్నాయి, పిల్ల మీద లేవు. మోచేతులు రెండూ మడతపడి ఉన్నాయి. భుజం చెవి దాకా ఎక్కింది. వీపు గూనిలా వంగింది. పొడుగాటి పిల్ల పొట్టి మనిషిలో ఇరుక్కుని నిలబడినట్టుంది. రోజూ అలా కుంచించుకుని, అలా పట్టి ఉంచి, వందల బాణాలు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నారి దించుతవ్ గదా. నువ్వు చెప్పినంతనే గుంజిన. అమ్మంతనే గుంజిన. సప్పుడు రాలేదు గదా డాడీ? విల్లుకు ఏం కాలేదు గదా?"

విల్లుకు ఏమీ కాలేదు. ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది.

లోపలికి నడిచి గోడ మీది విల్లు తీశాడు. వెనకే వచ్చిన అనూహ్యకు అర్థమైంది.

"వద్దు డాడీ. అమ్మ ఎక్కించింది. రేపు ఒక్క రోజు. ఒక్క రోజు తర్వాత దించు."

"రేపు చెయ్యి పోతది బిడ్డా. లేకపోతే విల్లు నీ మొహం మీద విరుగుతది. రెండిట్ల ఏది సూడాలె నేను?"

విల్లును కాళ్ల మధ్యకు తీసుకుని తొడకు ఆనించి వంచాడు. పసుపు అంటిన నారి కొస విల్లు చివరి గాడిలోనుంచి రావడానికి మొరాయించింది. బొటనవేలితో నెట్టాడు. జారింది.

విల్లు నిటారు కాలేదు. నారి లేకపోయినా, ఇంకా ఎవరో లాగుతున్నట్టే వంగి ఉంది.

అనూహ్య దాన్ని చూసింది. తన గదిలోకి పోయి తలుపేసుకుంది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. రాత్రి వచ్చింది, తింది, మాట్లాడలేదు.

ఆదివారం ఎవరూ సంగారెడ్డి పోలేదు. పొద్దున్నే రాజవ్వ బర్రెను తోలుకుని కూతురి ఊరికి పోయింది, పాలు మాత్రం గుమ్మంలో పెట్టి. చంద్రకాంత్ చాయ పెట్టి తెచ్చేసరికి అనూహ్య వెనక మెట్ల మీద జుట్టు విరబోసుకుని, దువ్వెన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ప్లాటులో సంచులు ఒక్క బాణమూ లేకుండా నిలబడి ఉన్నాయి.

అతను కప్పు పక్కన పెట్టి పై మెట్టు మీద కూర్చున్నాడు. దువ్వెన తీసుకున్నాడు. ఆమె వద్దనలేదు, తిరిగి చూడనూ లేదు. ఎప్పుడూ చెయ్యని పని. మూడు పాయలు తీస్తే నాలుగయ్యాయి. మళ్లీ విప్పాడు. మళ్లీ తీశాడు. బిగువు ఎంత పెట్టాలో తెలియక ఒకసారి లాగాడు.

"అబ్బా."

అతని చెయ్యి ఆగిపోయింది.

నిన్నటి నుంచి మొదటిసారి ఆమె అతనితో మాట్లాడింది. "ఆపకు డాడీ. జెర మెల్లగ గుంజు, అంతే."