పరుపు కింద పనిముట్లు

బౌలియా ఇంకా నూటపది కిలోమీటర్లు ఉందనగా, బ్రేకుల్లో, బస్సును మోసే రబ్బరు తిత్తుల్లో గాలి తగ్గిపోతోందని చెప్పే బజర్ గీపెట్టింది. వెర్నా బస్సును ఎడమవైపుకు తిప్పి రోడ్డు అంచున దించింది. ఆగగానే బ్రేకులు వాటంతటవే బిగుసుకుపోయాయి. తర్వాత పెద్దగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, బస్సు ఒక పక్కకు ఒరుగుతూ మెల్లగా కిందికి కుంగిపోయింది.

"అయిపోయింది," అన్నాడు పక్క సీట్లోంచి క్లెమ్.

వెర్నా భర్త వైపు చూడలేదు. ఆయన అన్నది గాలి గురించి కాదని ఆమెకు తెలుసు.

పదకొండేళ్లుగా ఆ బస్సే వాళ్లకు ఇల్లు. ఒకప్పుడు బ్రిస్బేన్‌లో జనాన్ని ఆఫీసులకు చేరవేసిన సిటీ బస్సు అది. సీట్లు పీకేసి, వంటగది, మంచం, బీరువాలు అన్నీ క్లెమ్ తన చేతులతోనే కట్టాడు. నాలుగు నెలల కిందట ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. టీ కెటిల్ కంటే బరువైనదేదీ ఎత్తకూడదన్నాడు డాక్టరు. అప్పట్నుంచి బండి నడిపేది వెర్నాయే. నడపడం సరే, దారిలో చెడిపోతే ఎవరు బాగుచేస్తారన్నదే క్లెమ్ దిగులు. మౌంట్ ఐసాలో ఒకాయన బస్సు కొని కాఫీ కొట్టు పెడతానని వెంటపడుతున్నాడు. బయల్దేరే ముందు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. దారిలో ఒక్కసారి లాగుడు లారీని పిలవాల్సి వచ్చినా, బస్సు ఆయనకు అప్పగించి, ఊళ్లో రెండు గదులు చూసుకోవాలి. ఆ మాట వెర్నాకు ఇష్టం లేదు. అయినా తల ఊపింది.

పనిముట్లకైతే లోటు లేదు. జాకీ, పానాలు, బెల్టులు, గాలి గొట్టాలు, వాటి జాయింట్లు, పార, అన్నీ బస్సు పొట్ట కింద ఇనుప పెట్టెలో ఉన్నాయి. దాని తలుపు కిందికి వాలి తెరుచుకుంటుంది. వాలిన తలుపే పని బల్ల కూడా. ఆ ఉపాయం తనదేనని క్లెమ్ దారిలో కలిసిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు.

వెర్నా గడియ తీసి తలుపు లాగింది. అది రెండు వేళ్ల మందం కదిలి ఆగిపోయింది. రోడ్డు చదును చేసినవాళ్లు అంచుకు తోసిన మట్టి గట్టు ఎండకు రాయిలా బిగిసి ఉంది. కుంగిన బస్సు సరిగ్గా దాని మీదే పొట్ట ఆనించింది. తలుపు వాలడానికి చోటు లేదు.

"తవ్వెయ్," అన్నాడు క్లెమ్, తలుపు మెట్టు మీద నిలబడి.

"దేంతో?"

"పారతో."

"పార ఎక్కడుంది క్లెమ్?"

ఆయన చూపు పెట్టె వైపు తిరిగింది. గాలి పోతే కావలసిన సామానంతా గాలి పోతే తెరుచుకోని పెట్టెలో పెట్టాడు. పదకొండేళ్లలో ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పావుగంటకు వెనకనుంచి తెల్లగా మెరిసిపోతున్న కొత్త మోటారు ఇల్లు ఒకటి వచ్చి ఆగింది. నిక్కరు, పొడుగు మేజోళ్లు వేసుకున్న మనిషి దిగాడు. పేరు రెక్స్ అన్నాడు.

"ఏంటన్నా, మీ బస్సు మోకాళ్ల మీద పడి ప్రార్థన చేస్తోందే!"

"నీకోసమేలే. తొందరగా దాటిపోవాలని," అన్నాడు క్లెమ్.

"మీ దగ్గర పార ఉందా?" అడిగింది వెర్నా.

"పారెందుకమ్మా? కొత్త బండి మాది, చెడిపోదు. సీసా మూత తీసేది ఉంది, ఇమ్మంటారా?" రెక్స్ నవ్వాడు. "శాటిలైట్ ఫోనుంది. వింటన్ నుంచి లారీ పిలుస్తా. సాయంత్రానికల్లా వచ్చి లాక్కుపోతారు."

"పిలువు," అన్నాడు క్లెమ్. ఆయన గొంతు పీలగా ఉంది. "బస్సు ఎత్తు సరిచేసే వాల్వు పోయినట్టుంది. కింద దూరాలి. నేను దూరలేను."

"టీ తాగేదాకా ఆగండి," అంది వెర్నా.

"టీ తాగితే బస్సు లేస్తుందా?"

"లేవదు. కానీ మీరిద్దరూ కాసేపు నోరు మూసుకుంటారు."

లోపలికి వెళ్లి స్టవ్ మీద కెటిల్ పెట్టింది. బస్సు ఒరిగి ఉండడంతో కెటిల్ జారింది. దాన్ని పట్టుకుని నిలబడి మంచం వైపు చూసింది. పెట్టె బయటినుంచి తెరుచుకోదు, సరే. కానీ పెట్టెకు పైకప్పు ఉండాలిగా. ఆ పైకప్పు ఏమిటి? మంచం కింద ప్లైవుడ్ నేల. దాన్ని బిగించేటప్పుడు మరలు ఒక్కొక్కటే అందించింది తనే.

స్టవ్ ఆర్పేసి, పరుపు లాగి వంటగదిలోకి తోసింది. మంచం పలకలు తీసింది. వెన్న రాసుకునే చాకు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

"ఒసే వెర్నా, ఏం విరగ్గొడుతున్నావు?"

"నీ నేల. ఎన్ని మరలు కొట్టావయ్యా ఇక్కడ?"

"కుదుపులకు ఊడకూడదని కొట్టాను."

"ఊడలేదులే. సంబరపడు."

నలభై రెండు మరలు. మొదటి చాకు వంగిపోయింది, రెండోది విరిగింది. మూడో చాకు రెక్స్ తెచ్చిచ్చాడు, తన పెళ్లి కానుకల సెట్టులోది, భార్యకు చెప్పొద్దని బతిమాలుతూ. చివరి మర ఊడేసరికి వెర్నా అరచేయి బొబ్బలెక్కింది. ప్లైవుడ్ ఎత్తితే, కింద పానాలు వరుసగా తళతళలాడాయి.

"లారీకి చెప్పాలా వద్దా?" అడిగాడు రెక్స్.

"వద్దు," అంది ఆమె. ఆ మాట తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

మొదట చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టింది. ఇంజిను వేసి, బస్సు వెనకనున్న ఇంజిను మూత ఎత్తి, జుట్టు రుమాలుతో కట్టుకుని చెవి ఒగ్గింది.

"ఎత్తు సరిచేసే వాల్వే," అన్నాడు క్లెమ్, రోడ్డు పక్కన వేసుకున్న కుర్చీలోంచి. "ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాను."

"నీకు వినిపిస్తోందా?"

"వినక్కర్లేదు. నాకు తెలుసు."

"నాకు వినిపిస్తోంది. కుడివైపు, పైన."

ఇంజిను హోరులో సన్నని బుసలాంటి చప్పుడు. ఆయన చెవులకు అందని చప్పుడది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి, బెల్టుకు చెయ్యి తగలకుండా గొట్టాల మీద కొంచెం కొంచెం పోసింది. ఇనుప పట్టీ వెనక, చూపు అందని మూల, నురగ పొంగి బుడగలు ఎగిరాయి. నల్లటి గొట్టం పట్టీకి రాసుకుని రాసుకుని చిల్లుపడింది. కింద దూరాల్సిన పనే లేదు.

క్లెమ్ లేచి వచ్చి చూశాడు. కింద పేర్చిన పానాల దగ్గర నిలబడ్డాడు.

ఇంజిను ఆపి చల్లారనిచ్చింది. చిల్లు ఉన్న ముక్కను కత్తితో అడ్డంగా, నీటుగా కోసింది. గొట్టం రెండు కొసల్నీ ఇత్తడి జాయింటులో దూర్చి, వెనక్కి చూడకుండా చెయ్యి చాచింది.

అరచేతిలో పానా పడింది.

"పదిహేడో నంబరిచ్చావు. పంతొమ్మిది కావాలి."

"పదిహేడే సరిపోతుంది."

"క్లెమ్."

పంతొమ్మిది పడింది. రెండువైపులా నట్లు బిగించింది. పట్టీకి రాసుకోకుండా గొట్టం చుట్టూ పాత రబ్బరు ముక్క చుట్టి తీగతో కట్టింది. మోచేతి మీద కాలిన మచ్చ పడిందని తర్వాతగానీ చూసుకోలేదు.

మళ్లీ ఇంజిను వేసింది. గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్ర గీతల్లో కదలకుండా ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. ఒక నిమిషం. ఒక వణుకు. తర్వాత అది పాకడం మొదలుపెట్టింది. ఎర్ర గీతలు దాటగానే బజర్ నోరు పడిపోయింది.

ముసలి ఆవు లేచినట్టు బస్సు లేచింది. మొదట వెనకభాగం, తర్వాత మెల్లగా ముందుభాగం, ఒక మూలుగు, ఒక కుదుపు. మట్టి గట్టు మీదనుంచి పొట్ట ఎత్తుకుని నిటారుగా నిలబడింది.

వెర్నా రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. మామూలుగా పక్కవాళ్లకు కూడా వినబడనట్టు మాట్లాడే మనిషి. ఆ కేకకు గడ్డిలోంచి చిలకల గుంపొకటి గుప్పున ఎగిరింది. రెక్స్ టోపీ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్లి తన కొత్త బండి కప్పు మీద పడింది. తీయడానికి నిచ్చెన అడిగాడు.

"పెట్టెలో ఉంది," అన్నాడు క్లెమ్. "తలుపు తీసుకో. ఇప్పుడు తెరుచుకుంటుంది."

బయల్దేరేటప్పుడు రెక్స్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, బౌలియా దాకా మీ వెనకే వస్తాను. నా బండి చెడిపోదు కానీ..."

"రండి. మరీ దగ్గరగా రాకండి, దుమ్ము."

క్లెమ్ సీటు బెల్టు పెట్టుకున్నాడు. 

"మౌంట్ ఐసాలో ఆయనకు ఫోన్ చేయాలి."

వెర్నా చేతులు స్టీరింగు మీద ఆగాయి. "ఏమని?"

"బస్సు అమ్మటం లేదని."

"నేను చేస్తాను," అంది ఆమె. "నువ్వైతే బేరం మొదలుపెడతావు."

"ఆ మంచం కింద కంత మూసెయ్యనా?"

"ముట్టుకోకు. దానికి మూత చేయిద్దాం, రెండే మరలతో."

"రెండు మరలేం చాలతాయే, కుదుపులకు..."

ఆమె హారన్ గట్టిగా కొట్టి, ఆయన మాట వినబడకుండా బస్సును రోడ్డెక్కించింది.