ట్యాంకు కింద కుర్చీ

పొద్దుటి నుంచీ టైలరమ్మకు సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్లజోడు బాగానే ఉంది, చేతులే మాట వినడం లేదు. ఆమె దుకాణం మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దానికి సరిగ్గా నెత్తిమీద, రేకుల కప్పుకి చాలా పైన, వార్డు మొత్తానికీ నీళ్లిచ్చే ట్యాంకు ఉంది.

ఆమె ఆ వీధికి కాపురానికి వచ్చినప్పుడే ఆ ట్యాంకు ఉంది. దాని స్తంభాన్ని ఆనుకునే మొగుడు దుకాణం కట్టాడు, వెనక గదిలో సంసారం పెట్టాడు. ఆయన పోయినా మిషను ఆగలేదు. కానీ ఈ మధ్య రేకుల మీద సిమెంటు పెచ్చులు రాలడం మొదలైంది. ఆమె తిరిగి తిరిగి మొరపెట్టుకుంటే పనివాళ్లు వచ్చి, పగుళ్ల మీద ఇంత సిమెంటు మెత్తి, పైన నీలం రంగు కొట్టి చేతులు దులుపుకున్నారు. మరమ్మతు అయిపోయిందని కౌన్సిలరు ప్రకటించాడు. ఇన్నాళ్లూ సగమే నింపుతున్న ట్యాంకుని ఇకమీదట నిండా నింపుతామన్నాడు.

ఆ వార్డులో పాత కట్టుబాటు ఒకటి ఉంది. నెలకోసారి కౌన్సిలరు ఎవరో ఒకరి ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎవరి ఇంట్లో, ఏ రోజు అన్నది వంతు వచ్చినవాళ్ల ఇష్టం. అడిగిన ప్రశ్న తేలేదాకా లేవకూడదు. దాన్ని కుర్చీ రోజు అంటారు. రానురాను అది కాఫీ తాగి, ఫోటో దిగి వెళ్లిపోయే తంతు అయింది.

ఈ నెల వంతు టైలరమ్మది. ట్యాంకు నిండా నింపే రోజే తన దుకాణంలో కుర్చీ వేస్తానంది. ట్యాంకు నిండి, పైనున్న గొట్టంలోంచి నీళ్లు పొర్లేదాకా ఆయన కూర్చోవాలంది. ఓటేసి ఇంటికెళ్లి పడుకుంటే సరిపోదని, తాళంచెవి చేతికిచ్చినవాళ్లే ఇల్లు ఎలా ఉందో అడగాలని ఆమె ఎప్పుడూ అంటుంది. అనడం వేరు. ఆ కుర్చీ వెయ్యడం వేరు.

నిన్న మధ్యాహ్నం కౌన్సిలరు వెంట తిరిగే మనిషి గుండీ ఊడిందని వచ్చాడు. వీధిలో అతన్ని నీడ అంటారు. ఆమె గుండీ కుడుతుంటే అతను గోడలన్నీ తేరిపార చూశాడు. స్తంభానికి ఆనించి కట్టారే, దీనికి అనుమతి ఉందా అని అడిగాడు. తర్వాత, అడక్కుండానే, "మీ కోడలు పాపనెత్తుకుని రోజూ ఆ వెనక సందులోంచే కదా వస్తుంది, జాగ్రత్తమ్మా" అన్నాడు. అతను వెళ్లాక చూసుకుంటే సూది ఆమె వేలిలోనే దిగి ఉంది.

అందుకే ఈ పొద్దున టీకా వేయించాలన్న వంకతో కోడల్నీ పాపనీ ఆసుపత్రికి పంపేసింది. భోజనాల వేళ దాటేదాకా స్నేహితురాలింట్లో ఉండమంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే కోడలు ఈ పని చెయ్యనివ్వదు.

వీధివాళ్లు వచ్చారు. రోడ్డుకి అవతల, ట్యాంకు పడినా తమమీద పడనంత దూరంలో నిలబడ్డారు.

"అక్కా, మేమంతా ఉన్నాం" అని అక్కణ్నుంచే కేకేశాడు ఇస్త్రీ దుకాణం ఆయన.

"కనబడుతున్నారులే" అంది ఆమె.

కౌన్సిలరు ఎప్పటిలాగే అందరి ఓపికా అయిపోయాక, నీడను వెంటేసుకుని వచ్చాడు. చిన్నప్పుడు తన బడి నిక్కర్లు కుట్టింది ఈవిడేనని జనానికి వినబడేలా నవ్వుతూ చెప్పి, కుర్చీలో కాలుమీద కాలు వేసుకున్నాడు. ఫోను తీసి పంపు దగ్గరి మనిషికి నింపమని చెప్పాడు. స్తంభం వెంట ఉన్న లావుపాటి గొట్టం ఒక్కసారి గురక పెట్టి, తర్వాత ఆగకుండా మూలగడం మొదలుపెట్టింది.

"నేను కూర్చున్నాను పిన్నీ" అన్నాడు గొంతు తగ్గించి. "మరి నువ్వు?"

ఆమె మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. అతని పన్నాగం అప్పుడు అర్థమైంది. ముందు ఆమె లేస్తుంది. చూశారా, ముసలావిడ ఉత్తపుణ్యానికి భయపడిందని జనంతో కలిసి నవ్వి అతను వెళ్లిపోతాడు. రేపట్నుంచి ట్యాంకు ఊసెత్తే నోరుండదు.

గొట్టం మూలుగుతూనే ఉంది. రేకుల మీద ఏదో టప్పున పడింది. ఇద్దరూ తలెత్తారు. అతను కాలుమీద కాలు తీశాడు. స్తంభం మీది నీలం రంగులో ఒక చోట తడి మరక పుట్టి, చూస్తుండగానే కిందికి సాగింది. ఆమె అరచేతులు చీరకు తుడుచుకుంది. నీడ అనే ఆ మనిషి గుమ్మంలోంచి జరిగి జరిగి, ఎప్పుడు రోడ్డు దాటాడో ఎవరూ గమనించలేదు.

అప్పుడు వెనక గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది.

టీకాతో పాపకు ఒళ్లు కాలి ఉంటుంది. కోడలు స్నేహితురాలింటికి వెళ్లకుండా, వెనక సందులోంచి నేరుగా ఇంటికి వచ్చేసి ఉంటుంది. చెప్పకపోవడం తనదే తప్పు.

ఆమె లేచింది.

"లేచావేం పిన్నీ?" రోడ్డు అవతలికి వినబడేలా అడిగాడు కౌన్సిలరు. అతని మొహంలోకి నవ్వు తిరిగొచ్చింది.

"భయమేసి లేచాను" అంది ఆమె, అంతే గట్టిగా. "లోపల నా మనవరాలుంది. ట్యాంకు గట్టిదని నేను అన్లేదు, నువ్వన్నావు. నువ్వు కూర్చో."

కోడలి చెయ్యి పట్టుకుని, పాపను భుజానేసుకుని రోడ్డు దాటేదాకా ఆమె వెనక్కి చూడలేదు. అప్పుడు చూసింది. దుకాణంలో అతనొక్కడే ఉన్నాడు. రేకుల మీద మళ్లీ పడింది, ఈసారి పెద్దదే. నిక్కరు కొలతలకు స్టూలెక్కి గిలిగింతలని మెలికలు తిరిగిన పిల్లాడు ఆమె కళ్లముందు మెదిలాడు. అతను చావాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు.

ఆమె నోరు తెరవబోతుంటే ఇస్త్రీ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "పిలవకక్కా. పిలిస్తే నీ మాట మీదే లేచానంటాడు."

ఆమె చెయ్యి విదిలించుకుంది. "బాబూ, నిజం చెప్పి లేచి రా!"

అతను అప్పటికే లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. ఫోనులో ఆపు, ఆపు అని అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. గొట్టం మూలుగు ఆగింది. ఆ నిశ్శబ్దంలో స్తంభం మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు అందరికీ వినబడింది.

"ప్రశ్న తేలలేదు" అంది టైలరమ్మ. "ఎందుకు ఆపమన్నావు?"

అతను జనాన్ని చూశాడు. నీడ కోసం చూశాడు. ఎటూ దారి లేకపోయింది.

"సగానికి మించి నింపొద్దని ఇంజినీరు ముందే చెప్పాడు" అన్నాడు చివరికి.

ఎవరూ తిట్టలేదు. చుట్టుపక్కల ఇళ్లలోంచి మనుషుల్ని బయటికి పిలవడానికి పరుగెత్తారు. పంపు మనిషి వచ్చి కింది వాల్వు తిప్పితే, ట్యాంకులో నీళ్లన్నీ వీధి మీద పడ్డాయి. చెప్పులు తేలిపోయాయి. నీళ్లు తగ్గేదాకా అందరూ పైకే చూస్తూ నిలబడ్డారు.

కౌన్సిలరు ఆమె పక్కకు వచ్చాడు. పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడాడు.

"ట్యాంకు కూల్చాలంటే ముందు నీ దుకాణం కూల్చాలి. తెలుసా పిన్నీ?"

తెలుసు. మొదటి పెచ్చు రాలిన నాడే తెలుసు. పాప ఒళ్లు ఆమె భుజం మీద కాలిపోతోంది. కోడలు ఆమెను ఆనుకుని ఏడుస్తోంది. రేపు మిషను ఎక్కడ పెట్టుకోవాలో, ఆ సందులో కోడలి కోసం ఎవరు మాటు వేస్తారో ఆమెకు తెలియదు.

"ఎప్పుడు కూలుస్తావు?" అంది. "నా చెవిలో కాదు. అందరికీ చెప్పు."